అమెరికాలోని తెలుగు వైద్యులకు: క్రయోనిక్స్ కోరుకున్న రోగి పట్ల మన బాధ్యత

గౌరవనీయులైన వైద్య మిత్రులకు నమస్కారాలు.

మరణించాక తన శరీరాన్ని దహనం చేయవద్దని, పూడ్చనూ వద్దని, ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ చలిలో భద్రపరచాలని, తన జబ్బుకు మందు దొరికి దేహాన్ని తిరిగి బతికించే విద్య కూడా తెలిసిన నాడు తనను లేపాలని కోరే రోగులు ఈ దేశంలో కొద్దిమందే ఉన్నారు. క్రయోనిక్స్ అని పిలిచే ఈ ఏర్పాటును కోరేవారిలో మనవాళ్ళెవరూ ఉండరని అనుకోవడానికి ఇక వీల్లేదు. నయంకాని జబ్బుల్లో బాధను తగ్గించే పాలియేటివ్ కేర్‌లో పనిచేస్తున్న నన్ను దీని గురించి అడిగిన తెలుగువాళ్ళున్నారు. బాగా చదువుకున్నవాళ్ళు, ఎక్కువమంది వయసులో చిన్నవాళ్ళు. నా దాకా రాకముందే తమకు తెలిసిన తెలుగు డాక్టరును అడిగామని, ఆయన నవ్వేశారనో, ఇంట్లోవాళ్ళు బాధపడతారు ఇలాంటివి మాట్లాడకు అని మందలించారనో వాళ్ళలో కొందరు చెప్పారు. చావు దగ్గరపడిన మనిషి తన దేహం గురించి అడిగిన ప్రశ్నకు వైద్యుడు ఇవ్వవలసిన జవాబు అది కాదని నా గట్టి నమ్మకం. ఆ జవాబు ఎలా ఉండాలో మనం కలిసి ఆలోచించాలని ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. ఇప్పటిదాకా ఇలా భద్రపరచిన వాళ్ళలో ఎవరైనా తిరిగి లేస్తారని నేను నమ్మడం లేదు. 1967 జనవరి 12న కాలిఫోర్నియాలో మరణించిన మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు జేమ్స్ బెడ్‌ఫర్డ్ ఈ పద్ధతిలో భద్రపరచిన మొదటి మనిషి. ఆయన దేహం ఇప్పుడు అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో ఆల్కోర్ అనే సంస్థ దగ్గర ఉంది. ఆ రోజుల్లో కణాల మధ్య మంచు స్ఫటికాలు ఏర్పడకుండా ఆపే మార్గం సరిగా తెలియదు. తర్వాత వచ్చిన విట్రిఫికేషన్ పద్ధతిలో రక్తాన్ని తీసేసి, రక్షక ద్రావణాన్ని ఎక్కించి, కణజాలాన్ని మంచు కట్టకుండా గాజులా గట్టిపడేలా చేస్తారు. మంచు వల్ల జరిగే హాని చాలావరకు తగ్గినా, ఆ ద్రావణాల విషప్రభావం, అంత చలిలో అవయవాలు పగుళ్ళివ్వడం, అన్నిటికన్నా ముందు గుండె ఆగాక మెదడుకు ప్రాణవాయువు అందని నిమిషాల్లో జరిగే నష్టం అలాగే ఉన్నాయి.

అయితే ఇదంతా పిచ్చి ఊహ అని కొట్టిపారేయడం కూడా సరికాదు. గడ్డకట్టించిన పిండం నుంచి బిడ్డ పుట్టడం ఒకనాడు మన వృత్తిలోని పెద్దలే నమ్మని సంగతి. 1978 అక్టోబరు 3న కలకత్తాలో అలా ఒక ఆడబిడ్డ పుట్టిందని డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చెబితే ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆయన మాటను తోసిపుచ్చింది. ఆ అవమానంతోనే ఆయన 1981లో ప్రాణం తీసుకున్నారు. ఆ పని ఆయన చేశారని మన వైద్యలోకం ఒప్పుకునేసరికి చాలా ఆలస్యమైంది. కొన్ని కణాల పిండం దగ్గర నుంచి అవయవం దాకా రావడానికి మాత్రం శాస్త్రానికి దశాబ్దాలు పట్టింది. విట్రిఫికేషన్ చేసిన మూత్రపిండాన్ని తిరిగి అమర్చాక ఒక కుందేలు బతికిందని 2009లో ప్రచురించారు. 2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు 100 రోజుల వరకు నిల్వ ఉంచిన ఎలుక మూత్రపిండాలను వేడిచేసి, తిరిగి ఎలుకలకు అమర్చి పనిచేయించగలిగారు. మనిషి మెదడుకూ ఎలుక మూత్రపిండానికీ మధ్య ఉన్న దూరం మీకు నేను చెప్పనక్కరలేదు. 2018లో ఒక పంది మెదడులోని నాడీ సంధులను చెక్కుచెదరకుండా నిలిపినందుకు ఒక బహుమతి ఇచ్చారు గానీ, అక్కడ వాడింది కణజాలాన్ని రసాయనంతో బిగించేసే పద్ధతి. అలాంటి మెదడు మళ్ళీ పనిచేస్తుందని ఆ పరిశోధకులు కూడా అనలేదు. చలిలో కణాల నిల్వనే వృత్తిగా పెట్టుకున్న శాస్త్రజ్ఞుల సంఘమైన సొసైటీ ఫర్ క్రయోబయాలజీ, క్రయోనిక్స్ ఒక ఆశే తప్ప శాస్త్రం కాదని 2018 నాటి ప్రకటనలో తేల్చి చెప్పింది.

రోగికి మనం చెప్పవలసింది ఈ మొత్తం సంగతిని, ఇంత వివరంగా. సాధ్యం కాదని ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఇక అతను మరో వైపు నుంచి వచ్చే ఆశావాదపు మాటలు మాత్రమే వింటాడు. 2013 జనవరిలో మెదడు క్యాన్సర్‌తో మరణించిన ఒక 23 ఏళ్ళ అమ్మాయి తెలియనివారి దగ్గర నుంచి విరాళాలు కూడగట్టుకుని, చివరి రోజుల్లో స్కాట్స్‌డేల్ దగ్గరి హాస్పిస్‌కు, అంటే అంతిమ దశ రోగులను చూసుకునే చోటికి, మారింది. తర్వాత తీసిన స్కానుల్లో తేలింది, రక్షక ద్రావణం ఆమె మెదడు పై భాగాలకే చేరిందని, లోపలికి అందలేదని. అన్నీ ముందుగా సిద్ధం చేసుకున్న మనిషి విషయంలో కూడా ఇలా జరగవచ్చన్న నిజం సంతకం పెట్టకముందే రోగికి తెలిసి ఉండాలి. తెలిసిన తర్వాత కూడా, దహనమైతే ఏ అవకాశమూ ఉండదు, ఇందులో ఏ కొంచెమైనా ఉందేమో అని అతను అంటే, ఆ లెక్క అతనిది. దాన్ని దిద్దే అధికారం మనకు లేదు.

ఇక మన చేతి మీదుగా జరిగే పని ఒకటుంది, అది మరణ నిర్ధారణ. ఈ సంస్థలు చట్టం ప్రకారం మరణం నిర్ధారణ అయ్యాకే దేహాన్ని ముట్టుకోవాలి. ఆ తర్వాత మాత్రం ప్రతి నిమిషమూ విలువైనదే కాబట్టి, వాళ్ళ బృందం గది బయట మంచు నింపిన తొట్టెతో, గుండెను నొక్కే యంత్రంతో, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్‌తో ఎదురుచూస్తూ ఉంటుంది. డాక్టరు రావడం ఒక గంట ఆలస్యమైతే రోగి కోరుకున్నది చాలావరకు చెడిపోతుంది. అలాగని తొందరపడడానికి అసలే వీల్లేదు. 1987 డిసెంబరులో డోరా కెంట్ అనే వృద్ధురాలు అప్పట్లో కాలిఫోర్నియాలో ఉన్న ఆల్కోర్ ఆవరణలో మరణించినప్పుడు పక్కన వైద్యుడు లేడు. మందులతో మరణాన్ని ముందుకు జరిపారేమోనని అక్కడి రివర్‌సైడ్ కౌంటీలో అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి అయిన కరోనర్ అనుమానించడంతో పోలీసులు, సోదాలు, కోర్టు ఉత్తర్వుల దాకా వెళ్ళింది. నేరారోపణ ఏదీ నిలవలేదు. అయినా ఒక వైద్యుడు సమయానికి ఉండి, చూసి, రాసి ఉంటే ఆ వివాదం పుట్టేదే కాదు. మెదడులో కణితి ఉన్న గణిత శాస్త్రజ్ఞుడు థామస్ డొనాల్డ్‌సన్, కణితి తన మెదడును తినేయకముందే, బతికుండగానే తనను భద్రపరచనివ్వమని కాలిఫోర్నియా కోర్టుకు వెళ్ళాడు. 1992లో అప్పీలు కోర్టు కుదరదంది. ఆయన ఆ తర్వాత 2006 దాకా జీవించాడు. ఈ ఒక్క సంగతి చాలు, మనం చెప్పే గడువుల మీద ఆధారపడి ఎవరి ప్రాణాన్నైనా ముందుగా ఆపడం ఎంత ప్రమాదమో తెలియడానికి.

కాబట్టి నేను కోరేది ఇది. ఇలాంటి రోగి మీ సంరక్షణలో ఉంటే, మరణ నిర్ధారణకు ఎవరు వస్తారో, రాత్రివేళ అయితే ఎవరిని పిలవాలో ముందే రాసిపెట్టండి. నొప్పికిచ్చే మందు నొప్పిని బట్టే ఇవ్వండి, గది బయట ఎదురుచూసేవాళ్ళ సౌకర్యం కోసం ఒక చుక్క కూడా ఎక్కువ వద్దు. రోగికి వైద్యం చేస్తున్నవారు ఆ సంస్థల్లో ఏ హోదాలోనూ ఉండకూడదు, వాళ్ళ దగ్గర ఒక్క డాలరైనా తీసుకోకూడదు. అవయవదానం, క్రయోనిక్స్ రెండూ చేస్తానని ఎవరైనా అంటే, వెంటిలేటర్ మీద మెదడు మరణించిన స్థితిలో గడిచే గంటల్లో ఏం జరుగుతుందో వివరించి, ఆ రెండింటికీ పొంతన కుదరదని చెప్పండి. కరోనర్ చేతికి వెళ్ళే మరణాల్లో శవపరీక్ష తప్పకపోవచ్చని కూడా చెప్పాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాల్లో మతకారణాలతో శవపరీక్షకు అభ్యంతరం చెప్పే వీలుంది గానీ, నేరం జరిగిందన్న అనుమానముంటే అది చెల్లదు.

ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించింది బ్రిటన్ కేసు. 2016లో లండన్‌లో ఒక 14 ఏళ్ళ అమ్మాయికి అరుదైన క్యాన్సర్. తనను భూమిలో పాతిపెట్టవద్దని, భద్రపరిస్తే వందల ఏళ్ళ తర్వాతైనా నయమై లేచే అవకాశం ఉంటుందని ఆమె న్యాయమూర్తికి ఉత్తరం రాసింది. అమ్మ ఒప్పుకుంది. ఏళ్ళ తరబడి దూరంగా ఉన్న నాన్న మొదట వద్దన్నాడు. హైకోర్టు న్యాయమూర్తి పీటర్ జాక్సన్ తాను క్రయోనిక్స్ మంచిదో చెడ్డదో తేల్చడం లేదని స్పష్టం చేస్తూనే, మరణానంతరం దేహం విషయంలో నిర్ణయించే హక్కును తల్లికి అప్పగించారు. తన కోరిక నెరవేరుతుందని తెలిశాక, అక్టోబరు 17న ఆ బిడ్డ కన్నుమూసింది. దేహం అమెరికాకు చేరింది.

అయితే ఆ తీర్పు వెంట ఆసుపత్రి తెలియజేసిన విషయాలు కూడా ఉన్నాయి. సాయానికి వచ్చిన స్వచ్ఛంద బృందానికి సరైన పరికరాలు లేవు, పద్ధతి లేదు. వాళ్ళ తీరు చూసి వైద్యులూ, మార్చురీ సిబ్బందీ కలవరపడ్డారు. అన్నిటికన్నా బాధపెట్టే సంగతి, బిడ్డ బతికున్న చివరి రోజున తల్లి మరణం తర్వాతి ఏర్పాట్లలో మునిగిపోయి, బిడ్డకు పూర్తిగా అందుబాటులో లేకపోయిందని ఆసుపత్రి వర్గాలు చెప్పడం. ఆ తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. బిడ్డ కోరిన చివరి కోరికను చెల్లించడానికే ఆమె తంటాలు పడింది. తప్పు ఎక్కడుందంటే, ఆ పనిని ఆమె నెత్తి మీదనుంచి దించి తమ భుజాన వేసుకునే మనిషి ఒక్కరూ ఆ ఆసుపత్రిలో లేకపోవడంలో ఉంది. చేయి పట్టుకుని కూర్చోవలసిన గంటల్లో ఫోన్లు చేస్తూ తిరిగే స్థితి ఏ కుటుంబానికీ రాకుండా చూడడం మన చేతిలో ఉన్న పని. సంస్థతో మాట్లాడేవాళ్ళు, అంత్యక్రియల సంస్థతో కబురు నడిపేవాళ్ళు, కాగితాలు పట్టుకునేవాళ్ళు ఎవరో వారాల ముందే తేలిపోతే, ఆఖరి రోజు ఇంటివాళ్ళకు మిగులుతుంది. ఆసుపత్రిలో ఉన్న సోషల్ వర్కర్లు దీనికి సాయపడగలరు, మనం అడిగితే.

మన కుటుంబాల దగ్గర దీనికి మరో చిక్కు తోడవుతుంది. ఈ దేశంలో మనవాళ్ళెవరైనా పోతే దేహాన్ని ఇంటికి పంపడానికి తెలుగు సంఘాలు ఎంత కష్టపడతాయో, ఎంతమంది చందాలిస్తారో మీకు తెలుసు. అక్కడ కన్నవాళ్ళు ఆ పెట్టె కోసం ఎదురుచూస్తారు. క్రయోనిక్స్ ఎంచుకున్న కొడుకు దేహం రాదు, బూడిద కూడా రాదు. దహన సంస్కారం చేయని దేహానికి సూతకం ఎప్పటినుంచి లెక్కపెట్టాలి, పదో రోజు ఎప్పుడు, పెద్దకర్మ చేయవచ్చా, గోదావరిలో కలపడానికి ఏముంది, ఏటా తద్దినం పెట్టాలా అని ఆ తల్లి అడిగితే సమాధానం ఎవరిస్తారు? దేహం దొరకని సందర్భాల్లో దర్భలతో బొమ్మ చేసి దహించి కర్మ జరిపే పద్ధతి మన శాస్త్రాల్లో ఉంది. అది ఇక్కడ వర్తిస్తుందో లేదో చెప్పవలసినవాళ్ళు పురోహితులు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లోనూ ఇలాంటి ప్రశ్నలే వేరే రూపంలో వస్తాయి. డాక్టరు శాస్త్రం చెప్పనక్కరలేదు, కానీ ఈ ప్రశ్న వస్తుందని రోగికి గుర్తుచేసి, బతికుండగానే అమ్మానాన్నలతో మాట్లాడమని, కావాలంటే ఆ ఫోన్ కాల్‌లో తానూ కూర్చుంటానని చెప్పగలడు. మన భాష తెలిసిన డాక్టరు తప్ప ఆ సాయం ఆ తల్లిదండ్రులకు ఇక్కడ ఇంకెవరు చేయగలరు?

మాట్లాడకుండా వదిలేస్తే ఏమవుతుందో బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్ కుటుంబంలో చూశాం. తనను దహనం చేసి బూడిదను ఫ్లోరిడా తీరంలో సముద్రంలో చల్లమని ఆయన 1996 వీలునామాలో రాశాడు. 2002 జులైలో ఆయన పోగానే కొడుకు దేహాన్ని ఆల్కోర్‌కు పంపించాడు. ఆ తర్వాత 2000 నాటి సంతకమున్న ఒక చిన్న కాగితాన్ని కోర్టులో చూపించారు. పెద్దకూతురు నెలల తరబడి పోరాడి చివరికి విరమించుకుంది. అంతటి పేరున్న మనిషి నిజంగా ఏం కోరుకున్నాడన్నది ఇప్పటికీ తగవే. ఈ దేశంలో ఇలాంటి దేహాలను సాధారణంగా శరీరదాన చట్టం కింద అప్పగిస్తారు. అంటే రోగి స్వయంగా, స్పృహలో ఉండగా, సాక్షుల ముందు రాసిన పత్రమే ప్రాణం. దాని నకలు ఆసుపత్రి రికార్డులో, భార్య లేక భర్త దగ్గర, ఇండియాలోని పెద్దల దగ్గర ఉండేలా చూడాలి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల విషయంలో మాత్రం ఆసుపత్రి నైతిక సంఘాన్ని తప్పక పిలవాలని నా అభిప్రాయం. కోరిక బిడ్డదా, వదులుకోలేని తల్లిదండ్రులదా అన్నది నెమ్మదిగా విని తెలుసుకోవాలి.

డబ్బు గురించి కూడా మొహమాటపడకుండా అడగాలి. ఆల్కోర్ పూర్తి శరీరానికి రెండు లక్షల డాలర్ల పైన, తల మాత్రమే అయితే 80,000 డాలర్ల స్థాయిలో తీసుకుంటూ వచ్చింది. మిషిగన్‌లోని క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్ ధర 28,000 డాలర్ల స్థాయి నుంచి మొదలవుతూ వచ్చింది, కానీ మరణశయ్య దగ్గర సిద్ధంగా ఉండే బృందానికి, దేహం రవాణాకు అయ్యేది వేరు. చాలామంది జీవిత బీమా సొమ్మును సంస్థ పేర రాసి కడతారు. ఆ బీమా మీదే ఆధారపడిన భార్యాపిల్లలు ఉంటే, వాళ్ళకు మిగిలేది ఎంతో రోగి ముందు లెక్క వేసుకున్నాడా? అడగడం మన పని కాదనుకోవద్దు. ఇల్లు అమ్మి చివరి కీమో చేయించుకుంటానన్న రోగిని మనం ఈ ప్రశ్న అడగమా?

సొమ్ము ఆగిపోతే ఏమవుతుందన్నదీ చరిత్రలో ఉంది. 1970లలో లాస్ ఏంజెలెస్ దగ్గర చాట్స్‌వర్త్ శ్మశానంలోని ఒక నేలమాళిగలో దాచిన తొమ్మిది దేహాలు, బంధువుల నుంచి డబ్బు రాక, నత్రజని నింపేవాళ్ళు లేక కరిగి చెడిపోయాయి. 1979లో ఆ సంగతి బయటపడింది, కోర్టు ఆ దేహాలను దాచిన సంస్థ నిర్వాహకుణ్ణి బాధ్యుణ్ణి చేసింది. ఫ్రాన్స్‌లో ఒక డాక్టరు తన భార్యను 1984 నుంచి ఇంటి నేలమాళిగలోని ఫ్రీజర్‌లో ఉంచాడు. 2002లో ఆయన పోయాక కొడుకు ఆయన్నూ అక్కడే చేర్చాడు. నాలుగేళ్ళకు యంత్రం పాడైతే ఆ కొడుకే ఇద్దరినీ దహనం చేయవలసివచ్చింది. నేటి సంస్థలు రోగుల పేర ప్రత్యేక నిధులు పెట్టి నడుపుతున్నాయి, చాట్స్‌వర్త్‌తో వాటిని పోల్చడం అన్యాయమే. అయినా వంద, రెండు వందల ఏళ్ళ పాటు ఒక సంస్థ, దాని నిధి, దాన్ని నడిపే మనుషులు నిలవాలన్నది ఈ ఒప్పందంలోని అసలు షరతు. ఆ షరతును రోగి తెలుగులో, తన మాటల్లో తిరిగి చెప్పగలిగితేనే అతనికి అర్థమైందని మనం రికార్డులో రాయాలి.

ఇక మన సంఘాలకు నా విన్నపం. ఏటా జరిగే మన మహాసభల్లో గుండె జబ్బుల మీద, మధుమేహం మీద వైద్య సదస్సులు పెడుతున్నాం. ఈసారి మరణానంతర ఏర్పాట్ల మీద ఒక పూట కేటాయించండి. దహనం, దేహాన్ని స్వదేశానికి పంపడం, అవయవదానం, వైద్యకళాశాలకు శరీరదానం, క్రయోనిక్స్ అన్నీ ఒక్కచోట చర్చకు రానివ్వండి. ఒక న్యాయవాదిని, ఒక పురోహితుణ్ణి, హాస్పిస్‌లో పనిచేసే నర్సును పిలవండి. మైక్ ముందు ఎక్కువసేపు నర్సునే మాట్లాడనివ్వండి, చివరి గంటల్లో ఆ గదిలో ఉండేది వాళ్ళే. ఆ చర్చ నుంచి రోగులకు ఇవ్వదగిన రెండు పేజీల తెలుగు పత్రం ఒకటి తయారు కావాలి. అందులో శాస్త్రం ఎంతవరకు వచ్చిందో, ఖర్చు ఎంతో, ఎవరి సంతకాలు కావాలో, ఇంటివాళ్ళతో ఏం మాట్లాడాలో ఉండాలి, ఆశ పెట్టే మాటా, వెక్కిరించే మాటా రెండూ ఉండకూడదు. దాని తొలి ముసాయిదా రాసే పని నేను తీసుకుంటాను. న్యూరాలజీలో, ఇంటెన్సివ్ కేర్‌లో, పిల్లల క్యాన్సర్ విభాగాల్లో ఉన్నవాళ్ళు దాన్ని దిద్దడానికి ముందుకు రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ తోటి వైద్యుడు